ఫ్రాంజ్ షూబర్ట్

ఫ్రాంజ్ పీటర్ షూబర్ట్ (1797 జనవరి 31 – 1828 నవంబరు 19) ఆస్ట్రియా దేశానికి చెందిన సుప్రసిద్ధ సంగీతకర్త. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో హైడన్, మొజార్ట్, బీథోవెన్‌ల తరువాత చెప్పుకోదగిన వియన్నా సంగీతకర్తలలో ఈయన ముఖ్యుడు. 31 సంవత్సరాలు మాత్రమే జీవించిన ఈయన 600కు పైగా పాటలను, అనేక సింఫొనీలను, పియానో కృతులను, ఛాంబర్ సంగీత కృతులను రచించాడు. వీటిలో అధికభాగం ఆయన జీవితకాలంలో అచ్చుకు నోచుకోలేదు. ఈనాడు ఆయన కళాఖండాలుగా పరిగణింపబడుతున్న కృతులలో కొన్నింటిని ఆయన బహిరంగ సభలో ఒక్కసారి కూడా వినలేదు.

ఛాంబర్ సంగీతమనగా పెద్ద వాద్యబృందం కాక, ఇద్దరు మొదలుకొని ఎనిమిది తొమ్మిది మంది వరకు వాద్యకారులు, ఒక్కొక్క స్వరభాగానికి ఒక్కొక్కరు చొప్పున, సంచాలకుడు లేకుండా కలిసి వాయించే సంగీతం. ఇళ్ళలోని గదులలో వాయించుకొనేది కనుక దీనికి ఆ పేరు వచ్చింది. ఈ వ్యాసంలో షూబర్ట్ జీవిత విశేషాలతో పాటు ఆయన ఛాంబర్ కృతులలోని కీ, టెంపో, భావం అనే మూడు అంశాలు, వాటిని రికార్డులలో వాద్యకారులు చూపిన తీరు వివరించబడినవి.

బాల్యం, విద్యాభ్యాసం

షూబర్ట్ వియన్నా నగర శివారులోని హిమ్మెల్‌ఫోర్ట్‌గ్రుండ్ అనే ప్రాంతంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంజ్ థియోడర్ షూబర్ట్ మొరావియా ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన బడిపంతులు. తల్లి ఎలిజబెత్ వియట్జ్ వివాహానికి పూర్వం ఇళ్ళలో పనిచేసేది. ఈ దంపతులకు 14 మంది సంతానం కలుగగా, శైశవం దాటి బ్రతికినవారు ఐదుగురే. ఇగ్నాజ్, ఫెర్డినాండ్, కార్ల్ ఫ్రాంజ్‌కు అన్నలు, తెరీసియా చెల్లెలు.

తండ్రి వయోలిన్‌లోను, అన్న ఇగ్నాజ్ పియానోలోను తొలి పాఠాలు చెప్పారు. తరువాత లిఖ్తెంటాల్ చర్చిలో గాయక బృందాన్ని నడిపే మైకేల్ హోల్జర్ వద్ద నేర్చుకున్నాడు. 1808లో రాజాస్థాన ప్రార్థనామందిర గాయక బాలునిగా ఎంపికై, ఉపకారవేతనంతో 'స్టాట్‌కాన్విక్ట్' అనే వసతి పాఠశాలలో చేరాడు. ఆస్థాన సంగీత విద్వాంసుడైన ఆంటోనియో సాలియెరి ఆయనకు గురువయ్యాడు. అక్కడ పరిచయమైన జోసెఫ్ ఫాన్ స్పౌన్ జీవితాంతం మిత్రుడిగా నిలిచాడు. స్వరాలు వ్రాసుకొనే కాగితం కొనలేని రోజులలో ఈ మిత్రుడే తెచ్చి ఇచ్చేవాడు.

ఇంటిలో తండ్రీకొడుకులు కలిసి వాయించుకొనేవారు. ఫెర్డినాండ్ మొదటి వయోలిన్, ఇగ్నాజ్ రెండవ వయోలిన్, ఫ్రాంజ్ వయోలా, తండ్రి చెల్లో. ఈ నాలుగు వాద్యాల కూర్పునే స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు. షూబర్ట్ తొలి క్వార్టెట్లు ఈ కుటుంబ బృందం కోసమే పుట్టాయి. అందులో వయోలా నడిమి స్వరాలు పలికే వాద్యం. పైన సాగే రాగభాగానికి, క్రింద నిలిచే ఆధారానికి మధ్యన కూర్చుని వినడం బాల్యంలోనే అలవాటైనందున, ఆ తరువాతి కృతులలో నడిమి వాద్యాలకు ఆయన ఇచ్చిన ప్రాధాన్యం ఆశ్చర్యం కలిగించదు.

ఉపాధ్యాయ వృత్తి

1812లో తల్లి మరణించింది. అదే ఏడు గొంతు మారడంతో గాయక బాలునిగా ఆయన పని ముగిసింది. 1813లో పాఠశాల విడిచి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1814 నుండి తండ్రి బడిలోనే చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పంతులుగా చేరాడు. ఆ పని ఆయనకు రుచించలేదు. కాని రచన మాత్రం ఆగలేదు. 1814 అక్టోబరులో గేథే కావ్యం ఆధారంగా 'రాట్నం వద్ద గ్రెట్షెన్' పాటను రచించాడు. 1815 ఒక్క సంవత్సరంలోనే సుమారు 140 పాటలు వ్రాశాడు. 1816లో లైబాఖ్ నగరంలో సంగీతోపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టుకోగా, అది లభించలేదు. కొంతకాలానికి బడిపని పూర్తిగా మానివేసి, మిత్రుల ఇళ్ళలో ఉంటూ, రచనపైనే ఆధారపడ్డాడు. 1818లోను, తిరిగి 1824లోను వేసవిలో జెలిజ్ (ప్రస్తుతం స్లొవేకియాలోని జెలియెజొవ్‌ట్సె) గ్రామంలో ఎస్టర్‌హాజీ ప్రభువు కుమార్తెలకు సంగీతం నేర్పాడు. 1826లో ఆస్థానంలో ఉప సంగీతాధికారి ఉద్యోగానికి చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు.

మిత్రులు గుమిగూడి ఆయన పాటలు పాడుకొనే సాయంకాలపు గోష్ఠులకు 'షూబర్టియాడ్' అని పేరు వచ్చింది. ఆయన కీర్తి చిరకాలం ఈ గోష్ఠుల పరిధిలోనే ఉండిపోయింది.

కీ, టెంపో, భావం

పాశ్చాత్య సంగీతంలో కీ అనగా ఒక కృతికి ఆధారమైన స్వరము, దాని నుండి ఏర్పడే స్వరక్రమము. ఇందులో మేజర్, మైనర్ అని రెండు జాతులు. మేజర్ స్వరక్రమం కర్ణాటక సంగీతంలోని ధీరశంకరాభరణ మేళంతోను, మైనర్ రూపాలలో ఒకటి నటభైరవితోను, మరొకటి కీరవాణితోను సరిపోతాయి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలు శంకరాభరణంలో ఉండడం ఈ పోలికకు నిదర్శనం. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మన గాయకుడు తన గాత్రానికి అనువైన శ్రుతిని ఎన్నుకొని కచేరీ అంతా దానిలోనే పాడతాడు. అక్కడ శ్రుతిని రచయితే నిర్ణయిస్తాడు. కృతి మధ్యలో దానిని మార్చి, తిరిగి మొదటి స్థానానికి చేరుస్తాడు. ఈ ప్రయాణమే కృతికి కథ వంటిది.

టెంపో అనగా కాలప్రమాణం. అల్లెగ్రో (వేగంగా), ఆండాంటె (నడక వేగంలో), అడాజియో (విలంబంగా), ప్రెస్టో (అతివేగంగా) వంటి ఇటాలియన్ పదాలతో దీనిని సూచిస్తారు. మెల్జెల్ మెట్రోనోమ్ 1815 నాటికే వాడుకలోకి వచ్చి నిమిషానికి ఇన్ని లఘువులని అంకెలతో చెప్పడానికి వీలు కలిగినా, షూబర్ట్ తన ఛాంబర్ కృతులకు అటువంటి అంకెలు ఇవ్వలేదు. పదాలు మాత్రమే ఇచ్చాడు. అందువలన అసలు వేగం ఎంత అన్నది వాయించేవారి వివేచనకు మిగిలిపోయింది.

ఒక్కొక్క కీకి ఒక్కొక్క భావం ఉంటుందని ఆ కాలపు జర్మన్ పండితులు కొందరు నమ్మేవారు. వారిలో క్రిస్టియన్ షూబార్ట్ (1739–1791) అనే కవి ముఖ్యుడు. కారాగారంలో ఉండగా ఆయన రచించిన సంగీత సౌందర్య గ్రంథం 1806లో ప్రచురితమైంది. సి మేజర్ నిర్మలత్వానికి, అమాయకత్వానికి తగినదని ఆయన అభిప్రాయం. పేరులో పోలిక ఉన్నా ఈయనకు షూబర్ట్‌తో బంధుత్వం లేదు. షూబర్ట్ స్వరపరచిన 'చేప' (ట్రౌట్) పాటకు కవి మాత్రం ఈయనే. ఇటువంటి పట్టికలకు షూబర్ట్ సంగీతం అంత తేలికగా లొంగదు. మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దుఃఖం అన్న పాఠ్యపుస్తకపు సూత్రాన్ని ఆయన పదే పదే తలక్రిందులు చేశాడు. ఆయన మేజర్ స్వరాలలోనే ఎక్కువ వేదన వినిపించే ఘట్టాలు అనేకం.

1819: ట్రౌట్ క్వింటెట్

1819 వేసవిలో షూబర్ట్ ప్రముఖ గాయకుడు యోహాన్ మైకేల్ ఫోగ్ల్‌తో కలిసి ఎగువ ఆస్ట్రియాలోని స్టైర్ పట్టణానికి వెళ్ళాడు. అక్కడ గనుల శాఖలో అధికారి, ఔత్సాహిక చెల్లో వాద్యకారుడు అయిన సిల్వెస్టర్ పౌంగార్ట్‌నర్ కోరికపై ఎ మేజర్‌లో పియానో క్వింటెట్ రచించాడు. ఇందులో పియానో, వయోలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ ఉంటాయి. డబుల్ బాస్ మంద్ర స్వరాలను చూసుకొనడంతో చెల్లోకు రాగం పాడే స్వేచ్ఛ దొరికింది. ఐదు భాగాలలో నాలుగవది 'చేప' పాట వరుసపై అల్లిన వైవిధ్యాలు. అందువలన కృతికి ట్రౌట్ అనే పేరు స్థిరపడింది. వేసవి నాటి ఉల్లాసం మొదటి నుండి చివరి వరకు కనిపించే ఈ కృతి ఆయన మరణించిన మరుసటి ఏడు, 1829లో అచ్చయింది.

అనారోగ్యం, 1824 నాటి క్వార్టెట్లు

1822 చివరలో షూబర్ట్‌కు సిఫిలిస్ వ్యాధి సోకింది. ఆనాటికి దానికి సరైన మందు లేదు. 1823లో కొంతకాలం ఆసుపత్రిలో గడిపాడు. తాను పూర్తిగా కోలుకొనే అవకాశం లేదని ఆయనకు అర్థమైంది. 1824 తొలి నెలలలో వెలువడిన రెండు క్వార్టెట్లు ఈ నేపథ్యంలో పుట్టినవే.

ఎ మైనర్ క్వార్టెట్ (రోజముండె) మార్చి 14న షుపాన్‌జిగ్ బృందం వియన్నాలో వాయించింది. ఆయన జీవితకాలంలో అచ్చయిన క్వార్టెట్ ఇది ఒక్కటే. రెండవ భాగంలో తన రోజముండె నాటక సంగీతంలోని ఒక వరుసను సి మేజర్‌లో వాడుకున్నాడు.

డి మైనర్ క్వార్టెట్ 'మృత్యువు–కన్య' అనే పేరుతో ప్రసిద్ధమైంది. మథియాస్ క్లౌడియస్ కవితకు 1817లో తాను కూర్చిన పాటలోని మృత్యువు వరుస దీని రెండవ భాగానికి మూలం. నాలుగు భాగాలూ మైనర్ కీలలోనే ఉండడం దీని విశేషం. మొదటి, మూడవ, నాలుగవ భాగాలు డి మైనర్, రెండవది జి మైనర్. చివరి భాగం ప్రెస్టో. టరాంటెల్లా నృత్యపు నడకలో ఊపిరి సలపనివ్వకుండా పరుగెడుతుంది. రెండవ భాగానికి షూబర్ట్ ఆండాంటె కాన్ మోటో, అనగా కదలికతో కూడిన నడక అని గుర్తు పెట్టాడు. తాళ చిహ్నం కూడా ఆవర్తానికి రెండు లఘువులనే సూచిస్తుంది. దీనిని శవయాత్రలా ఈడ్చి వాయిస్తే మృత్యువు భయంకరంగా తోస్తుంది. సూచించిన కదలిక ఇస్తే ఓదార్చి నిద్రపుచ్చే స్వరంలా వినిపిస్తుంది. క్లౌడియస్ కవితలో మృత్యువు కన్యతో మాట్లాడేది స్నేహితుని వలెనే. కాబట్టి ఇక్కడ కాలప్రమాణం కేవలం వేగానికి సంబంధించినది కాదు, అర్థానికి సంబంధించినది.

1826 జూన్‌లో కేవలం పది పదకొండు రోజులలో జి మేజర్ క్వార్టెట్ రచించాడు. అది జి మేజర్ స్వరసమూహంతో మంద్రంగా మొదలై, క్షణంలో జి మైనర్‌గా పెల్లుబుకుతుంది. మారేది ఒక్క గాంధారమే. మన పరిభాషలో అంతర గాంధారం సాధారణ గాంధారమవుతుంది. ఆ ఒక్క స్వరం మార్పుతో వెలుగు మీదికి నీడ వచ్చినట్లవుతుంది.

చివరి సంవత్సరాలు

1827 మార్చిలో బీథోవెన్ మరణించగా, అంతిమయాత్రలో దివిటీ పట్టినవారిలో షూబర్ట్ ఒకడు. ఆ ఏడాది నవంబరులో ఇ ఫ్లాట్ మేజర్ పియానో ట్రియో రచన ప్రారంభించాడు. సరిగ్గా బీథోవెన్ ప్రథమ వర్ధంతి నాడు, 1828 మార్చి 26న, కేవలం తన కృతులతో వియన్నాలో ఒక బహిరంగ కచేరీ ఏర్పాటు చేశాడు. ఆయన జీవితంలో అటువంటి కచేరీ ఇదొక్కటే. ఈ ట్రియో అందులో వాయించబడింది. సభ నిండింది, కొంత ఆదాయం కూడా వచ్చింది. అయితే అదే వారంలో వయోలిన్ విద్వాంసుడు పగనీని వియన్నాలో తన తొలి కచేరీ ఇవ్వడంతో నగరమంతా ఆ చర్చలోనే మునిగి, పత్రికలు షూబర్ట్ సభను దాదాపు పట్టించుకోలేదు.

1828 సెప్టెంబరులో అన్న ఫెర్డినాండ్ ఇంటికి మారాడు. అక్కడ చివరి మూడు పియానో సొనాటాలను, సి మేజర్ స్ట్రింగ్ క్వింటెట్‌ను పూర్తిచేశాడు. అక్టోబరు ఆరంభంలో లైప్‌జిగ్ ప్రచురణకర్త ప్రోబ్స్ట్‌కు ఈ కృతులను గూర్చి వ్రాశాడు. ఆయన క్వింటెట్‌ను స్వీకరించలేదు. నవంబరు 19న షూబర్ట్ అన్నగారి ఇంటనే మరణించాడు. మరణకారణం అప్పట్లో జ్వరంగా నమోదైంది. బీథోవెన్ సమాధికి సమీపంలో వారింగ్ శ్మశానంలో ఖననం చేశారు. 1888లో ఇరువురి అవశేషాలను వియన్నా కేంద్ర శ్మశానవాటికకు తరలించారు.

సి మేజర్ స్ట్రింగ్ క్వింటెట్

మొజార్ట్ తన క్వింటెట్లలో క్వార్టెట్‌కు అదనంగా రెండవ వయోలాను చేర్చగా, షూబర్ట్ రెండవ చెల్లోను చేర్చాడు. దీనితో నాదానికి లోతు పెరిగింది. భాగాలు ఇవి:

* మొదటి భాగం: అల్లెగ్రో మా నాన్ ట్రొప్పో (వేగంగా, మితిమీరకుండా), సి మేజర్. రెండవ రాగభాగాన్ని రెండు చెల్లోలు జంటగా ఇ ఫ్లాట్ మేజర్‌లో పాడతాయి.
* రెండవ భాగం: అడాజియో, ఇ మేజర్. మధ్యఖండం ఎఫ్ మైనర్.
* మూడవ భాగం: స్కెర్జో, ప్రెస్టో, సి మేజర్. మధ్యలో వచ్చే ట్రియో ఆండాంటె సొస్టెనూటో, డి ఫ్లాట్ మేజర్.
* నాలుగవ భాగం: అల్లెగ్రెట్టో. సి మైనర్ ఛాయలో మొదలై సి మేజర్‌కు చేరుతుంది.

రెండవ భాగం ఈ కృతికి హృదయం వంటిది. రెండవ వయోలిన్, వయోలా, మొదటి చెల్లో దీర్ఘ స్వరాలను నిలిపి ఉంచుతాయి. రెండవ చెల్లో కమాను వాడక తీగను వేళ్ళతో మీటుతుంది. మొదటి వయోలిన్ చిన్న చిన్న పలుకులు మాత్రమే పలుకుతుంది. అకస్మాత్తుగా అర్ధస్వరం పైనున్న ఎఫ్ మైనర్‌లోకి సంగీతం దూకి, తుఫానులా చెలరేగి, తిరిగి ఇ మేజర్ శాంతికి వస్తుంది. తిరిగి వచ్చిన శాంతి మునుపటిది కాదు. తుఫాను జ్ఞాపకం నడిమి వాద్యాలకు పైన, క్రింద కదిలే స్వరాలలో మిగిలే ఉంటుంది.

ఈ భాగం వివిధ రికార్డులలో సుమారు 12 నిమిషాల నుండి 15 నిమిషాల వరకు సాగుతుంది. ఈ తేడాకు కారణం వాద్యకారుల ఇష్టాయిష్టాలు మాత్రమే కాదు. కాలప్రమాణం ఎంత విలంబమైతే, నడిమి ముగ్గురు కమానును అంత నెమ్మదిగా లాగుతూ నాదం తెగకుండా నిలపాలి. అది సాధ్యమైతే కాలం ఆగిపోయినట్లు తోస్తుంది. సాధ్యం కాకుంటే రాగం ముక్కలవుతుంది. కొంచెం వేగం పెంచితే మొదటి వయోలిన్ పలుకులు మాటల వలె అతుక్కుంటాయి, కాని నిశ్చలత తగ్గుతుంది. రెండూ ఒకేసారి దొరకవు. ప్రతి బృందం ఒకదానిని కొంత వదులుకొని రెండవదానిని పొందుతుంది.

కృతి ముగింపు కూడా గమనింపదగినది. చివరి క్షణంలో ఐదు వాద్యాలు కలిసి సి స్వరాన్ని చేరేముందు, దానికి అర్ధస్వరం పైనున్న డి ఫ్లాట్‌ను గట్టిగా తాకుతాయి. మన స్వరాలలో షడ్జానికి ముందు శుద్ధ రిషభం పలికినట్లు. సి మేజర్‌లో ముగిసినా, ఆ ముగింపు సంపూర్ణ విజయంగా వినిపించదు.

ఈ కృతి 1850 నవంబరు 17న, రచయిత మరణించిన 22 సంవత్సరాలకు, హెల్మెస్‌బెర్గర్ బృందం చేత వియన్నాలో తొలిసారి బహిరంగంగా వాయించబడింది. 1853లో అచ్చయింది. రచయిత స్వహస్తంతో వ్రాసిన ప్రతి లభ్యం కాలేదు.

ప్రసిద్ధ రికార్డులు

* 1926: ఆల్ఫ్రెడ్ కోర్టో (పియానో), జాక్ తిబో (వయోలిన్), పాబ్లో కాసల్స్ (చెల్లో) బి ఫ్లాట్ మేజర్ ట్రియోను లండన్‌లో రికార్డు చేశారు. స్వరం నుండి స్వరానికి జారుతూ వెళ్ళడం, కాలప్రమాణాన్ని భావానుసారం సడలించి బిగించడం ఇందులో స్పష్టంగా వినవచ్చు. మన సంగీతంలోని జారు గమకానికి అలవాటుపడిన చెవికి ఇది కొత్తగా అనిపించదు.
* 1936: బుష్ క్వార్టెట్ 'మృత్యువు–కన్య'. నాయకుడు అడాల్ఫ్ బుష్ నాజీల విధానాలను నిరసించి 1933 నుండి జర్మనీలో కచేరీలు మానుకున్న వయోలిన్ విద్వాంసుడు. 1938లో ఈ బృందం జి మేజర్ క్వార్టెట్‌ను కూడా రికార్డు చేసింది.
* 1952: ఫ్రాన్సులోని ప్రాద్ ఉత్సవ సందర్భంగా సి మేజర్ క్వింటెట్. ఐజాక్ స్టెర్న్, అలెగ్జాండర్ ష్నైడర్, మిల్టన్ కేటిమ్స్, పాబ్లో కాసల్స్, పాల్ టోర్ట్‌లియె పాల్గొన్నారు. స్పెయిన్‌లో ఫ్రాంకో పాలనను నిరసిస్తూ ప్రవాసంలో ఉన్న కాసల్స్‌కు అప్పటికి 75 సంవత్సరాలు.
* 1969: ట్రౌట్ క్వింటెట్. డేనియల్ బారెన్‌బోయిమ్, ఇత్జాక్ పెర్ల్‌మాన్, పింకస్ జుకర్‌మాన్, జాక్లిన్ డు ప్రే లండన్‌లో వాయించగా, ముంబయిలో జన్మించిన భారతీయ సంగీత సంచాలకుడు జుబిన్ మెహతా డబుల్ బాస్ వాయించాడు. క్రిస్టఫర్ న్యూపెన్ దీనిని చలనచిత్రంగా తీశాడు.

గ్రామఫోను కాలంలో పన్నెండు అంగుళాల పలక ఒక ప్రక్కన నాలుగు నిమిషాలకు కొంచెం మించి సంగీతం పట్టేది. అందువలన ఒక్కొక్క భాగాన్ని ముక్కలుగా కోసి నింపవలసి వచ్చేది. రచయిత తిరిగి వాయించమని గుర్తు పెట్టిన ఖండాలను తరచుగా వదిలివేసేవారు. సి మేజర్ క్వింటెట్ మొదటి భాగంలో ఈ ఒక్క పునరావృత్తే ఐదారు నిమిషాలు ఉంటుంది. 1950ల నుండి ఎల్‌పి రికార్డులు, తరువాత సీడీలు వచ్చిన పిదప ఈ నిర్బంధం తొలగింది. కనుక పాత, కొత్త రికార్డుల మొత్తం నిడివిని మాత్రమే చూసి, పాతవారు వేగంగా వాయించేవారని నిర్ణయించడం సరికాదు. ఒకే ఖండాన్ని రెండింటిలో విని పోల్చినప్పుడే కాలప్రమాణంలోని భేదం తెలుస్తుంది.

శ్రుతిలో కూడా భేదం ఉన్నది. నేడు ఎ స్వరాన్ని సెకనుకు 440 కంపనాలుగా పెట్టుకొనడం సాధారణం. పూర్వకాలపు నమూనా వాద్యాలతో, నరపు తీగలతో వాయించే బృందాలు దీనిని కొంత తగ్గించి పెట్టుకుంటాయి. తగ్గిన శ్రుతిలో తీగల బిగువు సడలి నాదం మృదువుగా వస్తుంది. కాగితం మీద కీ అదే అయినా చెవికి సోకే భావం కొంత మారుతుంది.

మరణానంతర కీర్తి

షూబర్ట్ వ్రాతప్రతులు చాలావరకు అన్న ఫెర్డినాండ్ వద్ద ఉండిపోయాయి. 1839 జనవరిలో రాబర్ట్ షూమన్ ఆయన ఇంటికి వెళ్ళి, సి మేజర్ మహా సింఫొనీ వ్రాతప్రతిని చూశాడు. ఆ ఏడు మార్చిలో మెండెల్సన్ లైప్‌జిగ్‌లో దానిని వినిపించాడు. అసంపూర్ణ సింఫొనీ 1865లోను, 1820లో ఒక్క భాగం మాత్రమే పూర్తయిన సి మైనర్ క్వార్టెట్ 1867లోను వెలుగు చూశాయి. 1951లో ఒట్టో ఎరిక్ డాయిట్ష్ ఆయన కృతులన్నిటికి కాలక్రమ పట్టికను ప్రచురించాడు. కృతుల పేర్ల ప్రక్కన కనిపించే 'డి' సంఖ్యలు ఈ పట్టికలోనివే. సి మేజర్ క్వింటెట్ సంఖ్య 956, మృత్యువు–కన్య 810, ట్రౌట్ క్వింటెట్ 667.

ఆయన జన్మించిన ఇల్లు, మరణించిన ఇల్లు రెండూ వియన్నాలో స్మారక ప్రదర్శనశాలలుగా రూపొందాయి. ఇ ఫ్లాట్ ట్రియో రెండవ భాగం 1975లో వచ్చిన 'బారీ లిండన్' చలనచిత్రం ద్వారా శాస్త్రీయ సంగీతం ఎరుగని ప్రేక్షకులకు కూడా పరిచితమైంది.